కౌన్సిలర్ దీదీ తోడికోడలు

మా వీధిలో నన్ను నా పేరుతో పిలిచేవాళ్ళు లేరు. బడిలో మిస్‌ని. ఇంట్లో వదినని, అమ్మని. గుమ్మం దాటితే మాత్రం, కూరగాయల బండి దగ్గర నుంచి ఆటో స్టాండ్ దాకా, నేను 'కౌన్సిలర్ దీదీ జా'ని. జా అంటే బెంగాలీలో తోడికోడలు. ఎవరైనా కొత్తవాళ్ళకి నన్ను అలా పరిచయం చేయగానే వాళ్ళ ముఖం వెలిగిపోతుంది, లేదంటే చిటపటలాడుతుంది. ఆ వెలుగైనా, ఆ చిటపటైనా నాకోసం కాదు. నన్ను ఇన్నేళ్ళుగా తొలుస్తున్నది అదే.

మా మావగారు శ్రీకాకుళం వైపు నుంచి చిన్న వయసులోనే కలకత్తా వచ్చి రేవులో పనికి చేరారు. రేవుకీ, దర్జీల పేట మెటియాబ్రుజ్‌కీ మధ్య ఒక సందులో, కింద రెండు గదులు పైన రెండు గదులు ఇల్లు కట్టుకున్నారు. మా తెలుగు చర్చికి పెద్ద. ఇద్దరు కొడుకులు. పెద్దాయన నా భర్త, పోర్టు ఆఫీసులో గుమాస్తా. మరిది చిన్నప్పట్నుంచీ పార్టీ మనిషి. జెండాలు కట్టడం, గోడల మీద రాయించడం, ఓట్ల రోజు ముసలివాళ్ళని రిక్షా ఎక్కించి బూత్‌కి తేవడం, అన్నీ అతనే.

నేను విశాఖపట్నంలో ఎం.ఏ., బి.ఇడి. చేసి ఈ ఇంటికి పెద్ద కోడలిగా వచ్చాను. దగ్గర్లోనే ఒక బడిలో టీచర్ ఉద్యోగం దొరికింది. ఆదివారం చర్చిలో వాక్యం చదవడానికి నన్నే లేపేవారు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. నేను అక్షరం పొల్లుపోకుండా చదువుతుంటే పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని వినేవారు. మావగారు వెనక్కి తిరిగి అందరినీ ఒకసారి చూసుకునేవారు.

తరవాత చిన్న కోడలు వచ్చింది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ పిల్ల. పదో తరగతి దాటలేదు. పాటల పుస్తకం పట్టుకుని పెదాలు కదుపుతుందే తప్ప చదవదని నాకు మొదటి వారమే తెలిసిపోయింది. మధ్యాహ్నాలు కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించాను. "అక్కా, ఈ ఒత్తులెందుకే బాబూ, ఇవి లేకుండా ఎవలికీ అర్థం కాదేటి?" అని నవ్వేది. అప్పుడు నాకు ఆమె మీద అసూయ లేదు. జాలి ఉండేది. ఒకరి మీద జాలిపడడంలో ఎంత సుఖముందో అది పోయాక తెలిసింది.

కానీ ఆమెకి నోరుంది. బెంగాలీ, హిందీ, మెటియాబ్రుజ్ దర్జీల ఉర్దూ, అన్నీ వచ్చు. వచ్చిన ఏడాదిలోపే సందు సందంతా ఆమెకి చుట్టాలైపోయారు. ఎవరి కూతురికి ఏ కుట్టు షాపులో పని దొరికింది, ఎవరి అత్తకి కళ్ళు కనపడడం లేదు, ఎవరి కొళాయికి రెండో లైను ఉంది, అన్నీ తెలుసు. నేను అంతకు ముందు ఎన్నేళ్ళ నుంచో అదే సందులో నడుస్తున్నాను. నన్ను చూస్తే చేపలామె కొంగు సర్దుకుని 'మేడం' అనేది. చేపలు మాత్రం ఆమెకే ఏరి ఇచ్చేది.

మా వార్డు ఆడవాళ్ళకి రిజర్వ్ అయిన ఏడాది మరిది దిగాలుపడిపోయాడు. ఆ టికెట్టు తనకే వస్తుందని అప్పటిదాకా నమ్మకంతో ఉన్నాడు. రెండు రోజులకి తేరుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, మనింట్లోంచే ఒకళ్ళని పెట్టమంటున్నారు పార్టీవాళ్ళు. నువ్వైతే బావుంటుంది. చదువుకున్నదానివి. ఆదివారం వస్తామన్నారు చూడ్డానికి. కాస్త మంచి చీర కట్టుకో."

చూడ్డానికి అన్న మాటకి నవ్వొచ్చింది గానీ, ఆ వారమంతా నేను నేలమీద నడవలేదు. పిల్లలకి లెక్కలు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. మా ఆయన కూడా కాదనలేదు. "నీకు నచ్చితే చెయ్యి" అన్నారు. గెలిస్తే ఏం మాట్లాడాలో బెంగాలీలో మనసులోనే రాసుకుని, అద్దం ముందు ఒకటికి నాలుగుసార్లు పలికి చూసుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి రాగానే వాళ్ళు వచ్చారు. ముందు కుర్చీలో నెరిసిన మీసాల పెద్దమనిషి, మా ప్రాంతానికి పార్టీ నాయకుడు. "బౌదీ, గెలిస్తే ఏం చేస్తారు?" అని, బెంగాలీలో వదినా అని పిలుస్తూ, మర్యాదగా అడిగాడు. నేను ఆడపిల్లల చదువు గురించి, ఆరోగ్యం గురించి, శుభ్రత గురించి చెప్పాను. తప్పు లేకుండా చెప్పాను. ఆయన బడి తనిఖీకి వచ్చిన ఆఫీసరులా తలాడించాడు.

అప్పుడే నా తోడికోడలు టీ తెచ్చింది. కప్పు ఆయన చేతికిస్తూ బెంగాలీలో, "తాగండి దాదా. నీళ్ళు మాత్రం పక్క వీధి నుంచి మోసుకొచ్చినవి. మన కొళాయిలో మొన్నట్నుంచి ఎర్రనీళ్ళు వస్తున్నాయి. మీ ఇంట్లో కూడా ఇంతేనా, మీది వేరే లైనా?" అంది.

ఆయనకి పొలమారింది. కప్పు కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. పక్కవాళ్ళూ నవ్వారు. "ఈవిడెవరు?" అన్నాడు మరిదిని చూసి. నా భార్య అని చెప్పాడు మరిది. "ఇంతసేపూ దాచిపెట్టావేమయ్యా" అన్నాడు ఆయన.

అంతే. ఇంకేమీ జరగలేదు. నన్ను వద్దని కూడా ఎవరూ అనలేదు. ఆ తరవాత మాటలన్నీ ఆమె వైపు తిరిగిపోయాయి. నేను ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళాను.

వాళ్ళు వెళ్ళాక గదిలో చీర పిన్నులు తీసుకుంటుంటే ఆమె వచ్చి మంచం మీద కూర్చుంది. "అక్కా, నాకేటీ తెలీదు. ఆ సభలో ఏటి మాట్లాడతారో, కాగితాల్లో ఏటి రాస్తారో. నువ్వే నేర్పాలి" అంది. ఆ ముఖంలో కపటం లేదు. ఉండుంటే నాకు సులువయ్యేది. నేర్పుతానన్నాను. నేర్పాను కూడా. ఇంగ్లీషులో సంతకం పెట్టడం నేనే నేర్పాను. ఈనాటికీ ఏ ధ్రువపత్రం మీద చూసినా, ఆ మొదటి అక్షరం కింద సాగే వంపు నా చేతి రాతే.

ఆమె గెలిచింది. గెలిపించింది మరిది కష్టమే అని అందరూ అనుకున్నారు. అతనూ అలాగే అనుకున్నాడు. వార్డు ఆఫీసులో పెద్ద కుర్చీలో అతనే కూర్చునేవాడు. వచ్చినవాళ్ళ గోడు అతనే వినేవాడు. ఆమె పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూపించినచోట సంతకం పెట్టేది. ఆ రోజుల్లో నా మనసు కొంత నిమ్మళంగానే ఉండేది. పేరుకే కౌన్సిలర్ అనుకునేదాన్ని.

ఒకరోజు మా బడిలో ఒక పిల్ల తండ్రికి నివాస ధ్రువపత్రం కావాలంటే అతన్ని తీసుకుని ఆఫీసుకి వెళ్ళాను. జనం నిండుగా ఉన్నారు. మరిది పెద్ద కుర్చీలో కూర్చుని ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆమె అప్పుడే కార్పొరేషన్ నుంచి వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ వైపు వెళ్ళలేదు. పెద్ద కుర్చీ పక్కకి వచ్చి నిలబడింది. మరిది ఫోన్ మాట్లాడుతూనే కళ్ళతో పక్క కుర్చీ చూపించాడు. ఆమె కదల్లేదు. చేతిసంచి భుజాన వేసుకుని, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడింది. ఫోన్ అయిపోయింది. అందరూ చూస్తున్నారు. మరిది నవ్వి, ఏదో గుర్తొచ్చినట్టు లేచి బయటికి వెళ్ళాడు. ఆమె కూర్చుని, "తర్వాత ఎవరు?" అంది.

నేను మరిది కోసం బాధపడాల్సింది. పడలేదు. మాట అనకుండా, గొంతు పెంచకుండా ఒక మనిషిని కుర్చీలోంచి లేపడం చూశాను. నేను మా ఇంట్లో ఎన్నోసార్లు ఎన్నో చోట్ల అలా నిలబడి, చివరికి పక్క కుర్చీలోకే వెళ్ళి కూర్చున్నాను. నేను ఓర్చుకోలేకపోయింది అదే.

మా బడి వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా ఆమెని తెమ్మని హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి అడిగింది. ఆ గదిలో నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి. పిల్లలకి నాటకం నేర్పింది నేను, దుస్తులు కుట్టించింది నేను, తెర లాగింది నేను. ఆమె ఆలస్యంగా వచ్చి, మైకు ముందు నిలబడి, "నేను ఇంగ్లీషులో తప్పాను. ఎందుకంటే మా అక్క లాంటి టీచర్ నాకు దొరకలేదు" అంది. పిల్లలు విరగబడి చప్పట్లు కొట్టారు. అందరూ నన్ను చూశారు. నన్ను పొగిడిందని మా ఆయన సంతోషపడ్డారు. ఇంటికి వచ్చాక ఆ మాట ఆయన మళ్ళీ ఎత్తితే నేను లేచి వెళ్ళిపోయాను. నా పొగడ్త కూడా ఆమె మాటల్లోంచే రావాలా అనిపించింది.

ఆమె మీద మొదటి గొడవ మా చర్చి దగ్గరే లేచింది. వాన వస్తే మా సందులో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. మురుక్కాలవ ఇరుకైపోయి చర్చి గోడ కిందుగా వెళుతుంది. కాలవ వెడల్పు చేయాలంటే గోడ ఒక వైపు పడగొట్టి వెనక్కి జరపాలన్నారు ఇంజనీర్లు. ఆ గోడ మావగారి తరం వాళ్ళు సెలవురోజుల్లో తామే ఇటుకలు మోసి కట్టుకున్నది.

ఆదివారం ఆరాధన అయ్యాక మావగారు అందరి ముందూ అడిగారు. "ఏటమ్మా, దేవుడి గోడ నీకు అడ్డమొచ్చిందా?"

"దేవుడి గోడ కాదు మావయ్యా. మనం కట్టుకున్న గోడే. మళ్ళీ కట్టుకుందాం" అంది.

"నువ్వు కట్టలేదు. మేం కట్టినాం."

"అవును. ఆ నీళ్ళలో మాత్రం అందరం నడుస్తన్నాం."

రెండు రోజుల తరవాత కార్పొరేషన్ మనుషులు వచ్చి గోడ పడగొట్టారు. మావగారు ఆమెతో మాట్లాడడం మానేశారు. చర్చిలో సగం మంది ఆమెని చూసి ముఖం తిప్పుకునేవారు. నేను లోలోపల సంతోషించాను. అప్పట్నుంచి వాక్యం చదవడానికి లేచినప్పుడల్లా నా గొంతు ఇంకా స్పష్టంగా పలికేది.

వానలు వచ్చాయి. మా సందులో నీళ్ళు నిలవలేదు. చర్చివాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకోకుండా వచ్చి కూర్చున్నారు, ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. కానీ మా నీళ్ళన్నీ వెళ్ళి వెనక పల్లంలో ఉన్న బస్తీని ముంచాయి. అక్కడి ఆడవాళ్ళు తడిసిన పరుపులు మోసుకొచ్చి మా ఇంటి ముందు పడేశారు. "దీదీ, మీ సందు ఎండింది, మా పిల్లలు మునిగారు" అని అరుస్తుంటే, ఆమె తలుపు వేసుకుంటుందనుకున్నాను. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి కట్టుకుని వాళ్ళతోపాటు వెళ్ళింది.

ఆ సాయంత్రం పెద్దరోడ్డు మీద, నీళ్ళ మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. రేవు నుంచి వచ్చే కంటెయినర్ ట్రెయిలర్లన్నీ బారుగా ఆగిపోయాయి. నీళ్ళు తోడే పంపులు పంపేదాకా లేవనంది. పార్టీ నాయకుడు ఫోన్ చేసి లేవమన్నాడు. లేవలేదు. ఒక ట్రెయిలర్ డ్రైవరు కిందికి దిగి ఏదో అన్నాడు. ఆమె లేచి అతన్ని చెంప మీద కొట్టింది. అది ఎవరో ఫోన్లో తీశారు. మర్నాటికి ఊరంతా చూసింది.

పంపులు వచ్చాయి. డ్రైవర్లు సమ్మె చేశారు. ఒక చానెల్లో రౌడీ కౌన్సిలర్ అన్నారు, ఇంకో చానెల్లో పేదల మనిషి అన్నారు. ఆ డ్రైవరు ఎక్కడివాడో, ఏమన్నాడో ఎవరికీ పట్టలేదు. ఆమె క్షమాపణ చెప్పమంటే చెప్పనంది. నేను మా బడి స్టాఫ్ రూములో, "కొట్టడం తప్పే. బీదవాడు, డ్యూటీలో ఉన్నాడు" అన్నాను. నిజంగా తప్పే. కానీ ఆ మాట నా నోట్లోంచి వస్తున్నప్పుడు ఎంత రుచిగా ఉందో నాకు తెలుసు. మా పిల్లలు విరామంలో కుర్చీ వేసుకుని కూర్చుని, ఒకడు డ్రైవరుగా, ఒకతె దీదీగా ఆడుతున్నారు. దీదీ వేషం కోసం ఆడపిల్లలు కొట్టుకుంటున్నారు.

మా అమ్మాయికి అప్పుడే కాలేజీ అయిపోయింది. ఒక్కతే కూతురు. ఊరికి ఇంకో చివరనున్న సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ కంపెనీలో చేరింది. వారమంతా ఆఫీసు బస్సులో వెళ్ళి వచ్చి అలిసిపోయి పడుకునే పిల్ల, ఆదివారం చర్చి కాగానే పిన్ని ఆఫీసుకి పరిగెత్తేది. పిన్ని ఫోన్ చూడడం, ఫొటోలు పెట్టడం, వచ్చినవాళ్ళని వరసలో కూర్చోబెట్టడం. అన్నం ముందు కూర్చుంటే పిన్ని ఏమందో, ఎవరిని ఎలా తిట్టిందో అదే కబురు. ఒకసారి నేను, "నేనూ ఉద్యోగం చేస్తున్నాను. నా బడిలో ఏం జరిగిందో ఎప్పుడైనా అడిగావా?" అన్నాను. "ఏం జరిగిందమ్మా?" అంది వెంటనే, చెంచా ఆపి. ఏదీ గుర్తురాక, దాని పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేశాను.

తరవాతి ఎన్నికలకి వార్డు రిజర్వేషను పోయింది. పార్టీ ఆమెని పక్కన పెట్టి మరిదికి టికెట్టు ఇచ్చింది. ఆమె ఎవరి మాటా వినదని వాళ్ళకి అర్థమైపోయింది. మరిది మిఠాయి తెచ్చి ముందు మావగారి నోట్లో పెట్టాడు, తరవాత నాకు ఇచ్చాడు. ఆమెకీ ఇచ్చాడు. ఆమె తీసుకుని తింది.

మర్నాడు పొద్దున్న కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తూ, తల ఎత్తకుండా అంది. "అక్కా, నేను నిలబడతాను."

"ఎక్కడ?"

"ఇక్కడే. ఇండిపెండెంటుగా."

"మీ ఆయన మీదా?"

"ఆయన మీద కాదక్కా. వార్డుకి. ఆయన నిలబడితే నేనేటి సెయ్యను?"

ఆమె పడిపోవడం చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. టికెట్టు పోయిందని తెలిసినప్పుడు నా గుండె తేలికపడింది కూడా. ఆ తేలిక ఒక్క రాత్రి కూడా నిలవలేదు. మొగుడు, మావ, పార్టీ, చర్చి, అందరూ ఒక పక్క ఉన్నా ఆమెకి ఒకటి కావాలి. అంతగా కావలసింది ఒకటి ఆమె దగ్గర ఉంది. నా జీవితంలో నేను దేన్నీ అలా పట్టుకోలేదు. ఆ ఉదయం ఆమె చేతిలో చేప పొలుసు మీద నీళ్ళు పోస్తూ, ఆమె ముఖం చూడలేక మగ్గు వైపే చూశాను.

ఆ నెల మా ఇల్లు చూడాలి. పైన మరిది మనుషులు, మెట్ల కింద ఆమె మనుషులు. ఒకే పొయ్యి మీద ఇద్దరికీ టీ పెట్టింది నేను. ఆమెకి గుర్తు కుట్టు మిషను వచ్చింది. మెటియాబ్రుజ్ దర్జీలు అది తమదే అన్నట్టు దుకాణాల మీద బొమ్మలు అంటించారు. మునిగిన బస్తీ ఆడవాళ్ళే ఆమె వెనక నడిచారు. మా చర్చివాళ్ళు నడవలేదు. మా అమ్మాయి ఆఫీసుకి సెలవు పెట్టి పిన్నితో తిరిగింది. మా ఆయన మాత్రం ఒక్క మాటే అన్నారు: "ఈ ఇంట్లో ఓట్లు తమ్ముడివి."

బూత్‌లో ఓటు మిషను ముందు నిలబడ్డాను. ఆమె ఓడిపోవాలని నాకుంది. ఓడిపోయి వచ్చి నా మంచం మీద కూర్చుని, ఏటి సెయ్యను అక్కా అని అడగాలని ఉంది. మరిది గుర్తు మీదికి వేలు వెళ్ళింది. అతను మళ్ళీ ఆ పెద్ద కుర్చీలో వెనక్కి వాలి, ఫోన్ మాట్లాడుతూ, ఎవరికో కళ్ళతో ప్లాస్టిక్ కుర్చీ చూపించడం కనపడింది. వేలు జరిగింది. కుట్టు మిషను నొక్కాను. బయటికి వచ్చాక ఆమె మీద కోపం ఇంకా పెరిగింది, నా ఓటు కూడా లాక్కుందని.

ఆమె గెలిచింది. కొద్దిలో గెలిచింది. బస్తీవాళ్ళు రంగులు పూసుకుని డప్పులు కొట్టుకుంటూ సందులోకి వచ్చారు. మరిది మేడ మీద తలుపు వేసుకున్నాడు.

నెల తిరక్కుండా ఆమె మళ్ళీ పార్టీలో చేరిపోయింది.

నాకు బడిలో ఎవరో చెప్పారు. ఫోన్లో ఫొటో చూపించారు. నెరిసిన మీసాల ఆ పెద్దమనిషే ఆమె మెడలో కండువా వేస్తున్నాడు. పక్కన మరిది, తల వంచుకుని. కుట్టు మిషను బొమ్మలు ఇంకా దుకాణాల మీద చిరగలేదు. బస్తీలో ఆడవాళ్ళు కొందరు ఆమె ఆఫీసు ముందుకి వచ్చి, "మమ్మల్ని అమ్మేశావు" అని తిట్టి వెళ్ళారు.

ఆ సాయంత్రం నేను ఆగలేకపోయాను. ఆమె మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తోంది. వెళ్ళి నిలబడ్డాను.

"వాళ్ళ కిందికే వెళ్ళేదానివైతే ఇంత గొడవ ఎందుకు చేసినట్టు? ఇల్లు రెండు ముక్కలు చేసి?"

"ఒంటరిగా ఉంటే పంపు రాదక్కా, పైపు రాదు. కార్పొరేషనోళ్ళ బోరో ఆఫీసులో కుర్చీ కూడా ఎయ్యరు. మొన్నెళ్తే గంటసేపు నిలబెట్టినారు. నాకు నిలబడ్డం పెద్ద విషయం కాదు. నాతో వచ్చిన ముసల్దాన్ని కూడా నిలబెట్టినారు."

"మరి కుట్టు మిషను చూసి వేసినవాళ్ళ సంగతి?"

బట్టలు చేతిలో పట్టుకుని నా వైపు తిరిగింది. "నువ్వూ ఏసినావా అక్కా?"

నేను తీగ మీద మిగిలిన చీర లాగి మడతపెట్టడం మొదలుపెట్టాను. ఆమెకి జవాబు అక్కర్లేకపోయింది. ముఖం విప్పారింది, చిన్నపిల్లలా. ఓడిపోయిన మొగుడు కింద ఉన్నాడు, తిట్టినవాళ్ళు ఇంకా సందు చివర ఉన్నారు, ఆమెకి నా ఒక్క ఓటు చాలు సంతోషించడానికి. ఎన్ని తిట్లు తిన్నా సంతోషం అరిగించుకోగల మనుషులుంటారు. నాకు అదీ రాదు.

మరిది ఆ తరవాత ఊరి అవతల బడ్జ్ బడ్జ్‌లో ఆయిల్ ట్యాంకర్ల పని చూసుకోవడానికి వెళ్ళాడు. ఆదివారాలు వస్తాడు. వాళ్ళిద్దరూ విడిపోలేదు, కలిసి ఉన్నారనీ అనలేను. ఒకరి పళ్ళెంలో ఒకరు కూర వేసుకుంటారు, మాట్లాడుకోరు. మావగారు పోయే ముందు రోజుల్లో ఆమె చేత్తోనే మందు తాగేవారు, కానీ గోడ విషయం క్షమించానని అనలేదు. ఆమె అడగలేదు. గోడ మళ్ళీ కట్టించింది, మునుపటి కంటే ఎత్తుగా. బస్తీకి కొత్త కాలవ సగం దాకా వచ్చి ఆగిపోయింది. దాని డబ్బు ఒకరు ఆమె తిన్నదంటారు, ఒకరు పార్టీవాళ్ళు తిన్నారంటారు. నాకు తెలియదు. ఆమె చెప్పదు. ఇంటికి కొత్తగా వచ్చిన సామాను ఏమీ లేదు. అయినా నేను కూడా అప్పుడప్పుడు ఆమె మెడ వైపు, చేతుల వైపు చూస్తుంటాను.

ఈ వానాకాలంలో ఒక ఆదివారం మా అమ్మాయి ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసింది. పిన్ని ఆఫీసు నుంచి. ముఖం ముడుచుకుని నా పక్కన కూర్చుని బీన్సు తుంచడం మొదలుపెట్టింది. సగం గిన్నె నిండాక, "అమ్మా, నీకు పిన్నంటే ఎందుకు పడదు?" అంది.

పడకపోవడం ఏమిటి అని కొట్టిపారేయబోయాను. ఎవరి దగ్గరా అనని మాట ఒకటి నాలో ఉంది. ఎందుకో ఆ రోజు అనాలనిపించింది.

"పడకపోవడం కాదే. నాకు కుళ్ళు. మొదట్నుంచీ."

అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బీన్సు చివర తుంచి పక్కన పెట్టి, "నాకూ" అంది.

"నీకా?"

"ఇన్నేళ్ళ నుంచి వెళ్తున్నాను కదా. ఎవరికి ఏ కాగితం కావాలో నాకు తెలుసు. ఎవరింట్లో ఏ గొడవో తెలుసు. ఇవాళ ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఇంటి వాటా గురించి వచ్చారు. నేను వాళ్ళకి సర్దిచెప్పేశాను, వాళ్ళు ఒప్పుకున్నారు కూడా. పిన్ని వచ్చి, నువ్వు ఫోన్ చూసుకో అని నన్ను పంపేసి, నేను చెప్పిందే మళ్ళీ చెప్పింది. వాళ్ళు పిన్ని కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళారు." కొంచెం ఆగింది. "నాకు ఆ కుర్చీలో కూర్చోవాలనుందమ్మా. పిన్ని లేవదు."

నా కూతురి చెయ్యి పట్టుకున్నాను. దాని చేతికి పచ్చి బీన్సు వాసన. చాలా ఏళ్ళ తరవాత అది నా పిల్లలా అనిపించింది. ఇంత సంతోషం ఇలాంటి మాటకి కలగొచ్చా అనుకున్నాను గానీ, కలిగింది.

బయట వాన మొదలైంది. ఆమె తడుస్తూ వచ్చి, చెప్పులు విదిలించి, "అక్కా, ఏటుంది తినడానికి?" అంటూ నేరుగా వంటింట్లోకే వచ్చింది. అన్నం, చారు, చేపల వేపుడు పెట్టాను. నిలబడే తింటోంది. మా అమ్మాయి తల ఎత్తలేదు. ఆమె అది గమనించిందో లేదో తెలియదు. సగం తిన్నాక ఫోన్ మోగింది. బస్తీలో మళ్ళీ నీళ్ళు ఎక్కుతున్నాయట. చెయ్యి కడుక్కుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "రాయే, నువ్వుంటే ఆళ్ళు మాట ఇంటారు" అంది మా అమ్మాయితో.

మా అమ్మాయి నా వైపు చూసింది. బీన్సు గిన్నె నా ఒళ్ళో పెట్టి, గొడుగు తీసుకుని, దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే ఇద్దరూ ఒకే గొడుగు కింద, ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ సందు మలుపు తిరుగుతున్నారు. గొడుగు మా అమ్మాయి పట్టుకుంది. ముందు నడుస్తున్నది మాత్రం ఆమే.